ఎర్ర సిరానా, పక్కన ఒక ప్రశ్నా: పిల్లల రాతకు ఏది మేలు?

నెల్లూరు పక్క పల్లెలో తెలుగు చెబుతున్నాను. ఏటా మొహర్రం వెళ్లాక ఏడో తరగతికి రొట్టెల పండగ మీద వ్యాసం ఇస్తాను. కోరిక ఉన్నవాళ్లు చెరువులో దిగి ఆ కోరిక పేరున రొట్టె పట్టుకుంటారు, ఇల్లు కావాలంటే ఇంటి రొట్టె; కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు. "రొట్టెల పండగ మతసామరస్యానికి ప్రతీక. ఇది బారాషహీద్ దర్గా వద్ద జరుగును." సగానికి పైగా నోటుబుక్కులు ఇట్లాగే మొదలవుతాయి. అది గైడు వాక్యం. అందులో తప్పు లేదు, పిల్లవాడూ లేడు.

ఒకమ్మాయి మాత్రం ఇలా రాసింది: "స్వర్ణాల చెరువులో మోకాళ్ల దాకా నీళ్లు ఉండాయి. మా అమ్మ ఇంటి రొట్టె పట్టుకునింది."

ఎర్ర సిరాతో దిద్దితే? ఉండాయి కొట్టేసి ఉన్నాయి, పట్టుకునింది కొట్టేసి పట్టుకుంది. ఆ పిల్ల వాటిని మూడేసి సార్లు రాసి తెస్తుంది. తర్వాతి వ్యాసానికి గైడు తెరుస్తుంది, ఎందుకంటే గైడు వాక్యానికి ఎర్ర గీత పడదు. చాలా ఏళ్లు నేను చేసింది ఇదే. బాగా రాయగల పిల్లలే ముందు నోరు కట్టుకున్నారు.

ఈసారి పెన్సిల్‌తో పక్కన ఒకటే రాశాను: "ఆ రొట్టె ఎవరిచ్చారమ్మా?" మర్నాటికి ఆరు వాక్యాలు వచ్చాయి. ఇచ్చినామె పోయినేడు అదే చెరువులో ఇంటి రొట్టె పట్టుకుందట. ఇల్లు కట్టుకుని, మొక్కు తీర్చుకోను రొట్టె తెచ్చిందట. పండగ మొత్తం ఆ ఆరు వాక్యాల్లో ఉంది.

పాత తెలుగు వాచకాల్లో పాఠం చివర "నేనివి చేయగలనా?" అని ఉండేది. ఉద్దేశం మంచిదే, కానీ అవును, కాదు అని టిక్కు పెట్టేదానికి పిల్లలు అన్నిటికీ అవుననే పెట్టేవాళ్లు. వాక్యంలో జవాబు చెప్పాల్సిన ప్రశ్న అయితేనే పిల్ల తన రాతను మళ్లీ చదువుతుంది. అందుకే వ్యాసం కింద మూడు వరసలు వదలమంటాను: ఎక్కడ ఆగిపోయావు, ఏది చెరిపావు, ఏం రాయకుండా వదిలేశావు?

ప్రశ్నకు టైము పడుతుంది. నలభై నోటుబుక్కులు సిరాతో ఒక సాయంత్రం, ప్రశ్నలతో మూడు రోజులు. బడిలో మధ్యమధ్య పెట్టే ఎఫ్‌ఏ పరీక్షల మార్కులు ఎక్కించే వారంలో నాకూ కుదరదు. ల, ళ తేడా, వత్తులు ప్రశ్నలతో సర్దుకోవు, దిద్దాల్సిందే. అయితే రెండో ప్రతిలో, ఒకసారికి ఒకే రకం తప్పు.

యాస సంగతి వేరు. కథనంలో "ఉండాయి" పక్కన "ఉన్నాయి" అని రాస్తాను, కొట్టేయను. ఎవరైనా మాట్లాడిన మాటైతే అసలు ముట్టుకోను. భారతంలో 15 పర్వాలు తెనిగించిన తిక్కన, పాత్రల చేత మాట్లాడించడంలో పేరుపడ్డ కవి, మా నెల్లూరివాడు. ఇక్కడి పిల్ల అమ్మ మాటను అమ్మ మాటగా రాస్తే కొట్టేయడానికి నాకు చేయి రాదు.

నా వరకు ప్రశ్న ముందు, సిరా తర్వాత.

ఆ అమ్మాయి మూడు వరసల్లో ఆఖరుది: "రొట్టె తినేటప్పుడు అమ్మ కండ్లు మూసుకునింది. ఏమనుకునిందో రాయలేదు సార్. అడగాల."