కారు ఏసీ గాలి తగ్గిందని వెళ్తే రెండుసార్లు గ్యాస్ పట్టించారు, జాగ్రత్త

రోహిణి కార్తెలో ఏసీ షాపువాళ్లు ఏం చెప్పినా నమ్మేస్తాం. నేనూ నమ్మాను, 7,200 రూపాయలు వదిలాయి. విజయవాడలో ఉంటాను కాబట్టి ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మాది సెకండ్ హ్యాండులో కొన్న చిన్న కారు. ఈ వేసవిలో బ్లోయర్ నాలుగో నంబరులో పెట్టినా గాలి ఒకటో నంబరులో పెట్టినట్టే వచ్చేది. ముందు సీట్లో చెయ్యి పెడితే చల్లగానే ఉంది, వెనక కూర్చున్న అమ్మకు మాత్రం చెమటలు. దగ్గర్లోని ఒక ఏసీ షాపుకు తీసుకెళ్లాను. బానెట్ ఎత్తి, గేజి పైపు తగిలించి, రెండు నిమిషాల్లో "గ్యాస్ అయిపోయింది సార్" అన్నారు. 2,400 తీసుకున్నారు. బిల్లు మీద "ఏసీ పని" అని ఒక్క ముక్క, అంతే. ఉన్న గ్యాస్ తీశారా, ఎన్ని గ్రాములు ఎక్కించారు, అవేవీ లేవు. అప్పుడు నాకు అడగాలనీ తెలియదు.

వారానికి మళ్లీ వెళ్లాను. "లీకుంది సార్, వాషర్లు మార్చాం" అని ఇంకో 1,800 తీసుకుని మళ్లీ గ్యాస్ పట్టించారు. దీంతో గాలి పెరగలేదు సరికదా, ఉన్న చల్లదనం కూడా నిలకడగా ఉండట్లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే చాలు, కంప్రెసర్ ఆగిపోయి వేడి గాలి. మూడోసారి వెళ్తే, గాలి చల్లబడే కూలింగ్ కాయిల్ పోయిందనీ, డ్యాష్‌బోర్డు మొత్తం దించాలనీ, 14,500 అవుతుందనీ చెప్పారు. 3,000 అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. బుద్ధి లేక కాదు, అమ్మను చూసి.

ఆ ఆదివారం అక్క వాళ్లింటికి గుడివాడ వెళ్లాం. బావ ట్యాక్సీ నడుపుతాడు. నేను చెప్పింది విని, "గాలి వస్తోంది కానీ చల్లగా లేదా, చల్లగానే ఉంది కానీ గాలి రావట్లేదా? ముందు అది చెప్పరా" అన్నాడు. నా దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లు ఒక్కసారీ అడగని ప్రశ్న ఇది. తర్వాత బ్లోయర్ ఫుల్ పెట్టి చెవి ఒగ్గి విన్నాడు. "మోత ఫుల్లుగా ఉంది, గాలి లేదు. అంటే మోటారు తిరుగుతోంది, దారే మూసుకుపోయింది" అంటూ గ్లవ్ బాక్స్ రెండు పక్కలా నొక్కి కిందికి వంచాడు. దాని వెనక మూత తీసి, లోపలికొచ్చే గాలిని వడగట్టే ఫిల్టర్ లాగాడు. అది ఫిల్టరో పిడకో చెప్పలేను. నల్లటి దుమ్ము, వేపాకులు, ఏదో పిట్ట ఈక. కారు రోజూ వేపచెట్టు కిందే పెడతాను, అద్దం కింద జాలీలోంచి రాలినవన్నీ లోపలికి పోయాయి. 380 రూపాయలకు కొత్తది కొని, దాని మీదున్న బాణం గుర్తు గాలి వెళ్లే వైపు ఉండేలా పెట్టాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. అమ్మ వెనక సీట్లోంచి "కొంచెం తగ్గించరా, చలేస్తోంది" అంది.

తప్పు నాదీ ఉంది. 20,000 కిలోమీటర్లకు ఆ ఫిల్టర్ మార్చాలని మా బండి పుస్తకంలోనే ఉంది, నేను తెరిస్తే కదా.

ఇది రాయడం ఎందుకంటే, గాలిని తోసేది బ్లోయర్, ఆ గాలిని చల్లబరిచేది గ్యాస్. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది కానీ గాలి జోరు మామూలుగా తగ్గదు. ఒక్క మినహాయింపు ఉంది. బయల్దేరినప్పుడు గాలి బాగా వచ్చి, గంట తర్వాత సన్నబడిపోతే కాయిల్ మీద ఐసు కడుతుండొచ్చు. ఏసీ బటన్ ఆపి ఉత్త బ్లోయర్ ఓ పావుగంట తిప్పండి. గాలి మళ్లీ వచ్చిందంటే అదే. దానికి గ్యాస్ తక్కువవడం ఒక కారణం కావచ్చు, సెన్సరో వాల్వో కూడా కావచ్చు. మిగతా నంబర్లు పనిచేయక నాలుగోది ఒక్కటే తిరుగుతుంటే సాధారణంగా బ్లోయర్ వేగం మార్చే రెసిస్టర్ పోయినట్టు, దానికి డ్యాష్‌బోర్డు దించనివ్వకండి. కొన్ని పాత మోడళ్లలో అసలు ఫిల్టరే ఉండదు, దుమ్ము నేరుగా కాయిల్‌కే పడుతుంది. అలాంటప్పుడు కాయిల్ కడిగించాల్సి రావచ్చు, అది వేరే కథ.

ఆ ట్రాఫిక్ వేడి గాలి సంగతి తేల్చుకుందామని వేరే షాపులో మిషన్ పెట్టి గ్యాస్ మొత్తం బయటికి తీయిస్తే 600 గ్రాములు దాటింది. మా బానెట్ కింద స్టిక్కర్ మీద రాసింది 420. మోతాదు మించితే ప్రెజర్ పెరిగి కంప్రెసర్ కట్ అవుతుందట, బెంజ్ సర్కిల్ వేడి గాలి అందుకే. పైపుల్లో గాలి అంతా లాగేసి (వాక్యూమ్), తూకం వేసి సరిగ్గా నింపడానికి ఇంకో 1,900. ఆ షాపాయన నైట్రోజన్ ప్రెజర్ పెట్టి చూపించాడు కూడా, గేజి ముల్లు కదల్లేదు, లీకు ఎక్కడా లేదు.

ఎవరైనా మీకు లీకుంది అంటే ఆ ముల్లు చూపించమనండి. గ్యాస్ పట్టిస్తే బిల్లులో గ్రాములు రాయించుకోండి. కాయిల్ మారిస్తే పాతది డిక్కీలో పెట్టించుకుని రండి.

నా అడ్వాన్సు 3,000 ఇంకా రాలేదు. "కాయిల్ ఆల్రెడీ తెప్పించేశాం సార్" అంటున్నారు. పార్ట్ నంబరు చెప్పమంటే మాత్రం ఫోను పెట్టేస్తున్నారు.