ట్రైలర్ బ్రేక్‌అవే బ్యాటరీ: విడిగా చిన్నదా, ఇంటి బ్యాటరీయా, లిథియమా? ఏది మేలు?

ట్రైలర్‌ను బండికి కలిపే హిచ్ జారి, సేఫ్టీ చెయిన్లు కూడా తెగిపోతే, ట్రైలర్‌ను ఆపగలిగేది దాని మీదే ఉన్న 12 వోల్టుల బ్యాటరీ ఒక్కటే. ముందు బండికి కట్టిన సన్నటి స్టీలు కేబుల్ బ్రేక్‌అవే స్విచ్‌లోని పిన్‌ను లాగేస్తుంది. పిన్ బయటికి రాగానే స్విచ్ లోపల సర్క్యూట్ కలుస్తుంది, బ్యాటరీ కరెంటు నేరుగా బ్రేక్ మ్యాగ్నెట్లకు చేరి చక్రాలు బిగుస్తాయి. నేను చెప్పేదంతా ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలర్ల గురించే. ఓవర్‌రన్ బ్రేకులు (ట్రైలర్ ముందుకు నెట్టే బలంతోనే పడేవి) ఉన్న వాటిలో కేబుల్ నేరుగా బ్రేకును లాగుతుంది కాబట్టి అక్కడ ఈ బ్యాటరీ ప్రసక్తి రాదు.

ఏ బ్యాటరీ మేలో తేల్చాలంటే ముందు దాని పని ఎంతో తెలియాలి. ట్రైలర్ ఊడిపోయాక బ్రేకులు కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలని అమెరికా రవాణా నిబంధన 393.43 చెబుతోంది. ఆస్ట్రేలియాలో 2 టన్నులు దాటిన ట్రైలర్లకూ ఇదే 15 నిమిషాల లెక్క. 10, 12 అంగుళాల బ్రేకుల్లో ఒక్కో మ్యాగ్నెట్ దాదాపు 3 ఆంప్స్ తీసుకుంటుంది. చక్రానికి ఒక మ్యాగ్నెట్ చొప్పున ఒక యాక్సిల్ ఉంటే 6, రెండుంటే 12, మూడుంటే 18 ఆంప్స్. రెండు యాక్సిళ్ల ట్రైలర్‌కు పావుగంటలో 3 ఆంపియర్-అవర్లు (ఆంప్స్‌ను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క) ఖర్చవుతాయి.

5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉంటే 3 ఎక్కడికి పోతుందిలే అనిపిస్తుంది. కానీ బ్యాటరీ మీద రాసిన 5 అనేది 20 గంటల పాటు మెల్లగా, పావు ఆంపు చొప్పున వాడితే వచ్చే లెక్క. ఒక్కసారిగా 12 ఆంప్స్ లాగితే లెడ్-యాసిడ్ బ్యాటరీ అంత ఇవ్వదు. కొత్తగా ఉన్నప్పుడు రెండు యాక్సిళ్లకు అది సరిపోతుందంతే, మిగులు పెద్దగా ఉండదు. సామర్థ్యం మూడో వంతు తగ్గిన పాత బ్యాటరీతో పావుగంట లాగడం కష్టం. మూడు యాక్సిళ్లకైతే 5 చాలదు, 9 లేదా 12 కావాలి.

విడి బ్యాటరీ

సామాన్ల ట్రైలర్లకు, గుర్రాల ట్రైలర్లకు సాధారణంగా వచ్చేది ఇదే. ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసిన ఏజీఎం బ్యాటరీ (లెడ్-యాసిడ్‌లోనే ఒక రకం), పక్కన చిన్న ఛార్జర్, ఒక టెస్ట్ బటన్ ఉంటాయి. బండి ప్లగ్‌లోని ఛార్జింగ్ లైన్ నుంచి దారిలో ఛార్జ్ అవుతూ ఉంటుంది. దీని గొప్పతనం ఏమిటంటే దీనికి ఇంకో పని లేదు. ఫ్రిజ్ దీన్ని ఖాళీ చేయదు, లైట్లు మరిచిపోయి వదిలేసినా దీనికేం కాదు, మధ్యలో కట్ చేసే మెయిన్ స్విచ్ ఉండదు.

బలహీనత కూడా అక్కడే ఉంది. ఇంకో పని లేదు కాబట్టి ఎవరూ దీని వైపు చూడరు. సీల్డ్ బ్యాటరీ ఊరికే ఉన్నా గది ఉష్ణోగ్రత దగ్గర నెలకు సుమారు 3 శాతం కోల్పోతుంది, ఎండలో ఇంకా త్వరగా. ఆరు నెలలు షెడ్డులో ఉండి తక్కువ ఛార్జ్‌తోనే పడి ఉంటే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోతుంది. ఈ బ్యాటరీలు వాడకంతో అరిగిపోవడం అరుదు. ఎక్కువగా చచ్చిపోయేది ఖాళీగా కూర్చుని.

ఇంటి బ్యాటరీకే కలపడం

నివాస ట్రైలర్లలో లైట్లు, పంపు నడిపే పెద్ద బ్యాటరీ ఎలాగూ ఉంటుంది, ఇంటి బ్యాటరీ అంటున్నది దాన్నే. బ్రేక్‌అవే స్విచ్‌ను చాలావరకు దానికే కలుపుతారు. 100 ఆంపియర్-అవర్లున్న చోట మూడు యాక్సిళ్లయినా 15 నిమిషాలు ఒక లెక్క కాదు. రోజూ వాడే బ్యాటరీ కాబట్టి అది పాడైతే వెంటనే తెలుస్తుంది కూడా. సామర్థ్యం, గమనింపు రెండిట్లోనూ దీనిదే పైచేయి.

నాకు భయం వైరింగ్ దగ్గర. స్టోరేజ్‌లో పెట్టేటప్పుడు తిప్పే మెయిన్ డిస్‌కనెక్ట్ స్విచ్‌కు అవతల బ్రేక్‌అవే వైరు ఉంటే, ఆ స్విచ్ ఆన్ చేయడం మరిచి బయల్దేరినవాళ్లకు అత్యవసర బ్రేకు లేనట్టే. ఈ వైరు డిస్‌కనెక్ట్‌కు ముందే, నేరుగా బ్యాటరీ వైపు కలిసి ఉండాలి. తేల్చుకోవడం సులువే: డిస్‌కనెక్ట్ ఆఫ్ చేసి, బండి ప్లగ్ తీసేసి, పిన్ లాగి చూడండి. బ్రేకులు పట్టకపోతే ఆ వైరింగ్ మార్పించే వరకు ట్రైలర్‌ను రోడ్డెక్కించకండి. చలికాలంలో బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టే అలవాటున్నవాళ్లకు ఇంకో మాట: బ్యాటరీ లేకుండా ట్రైలర్‌ను పక్క వీధికి లాగినా బ్రేక్‌అవే పనిచేయదు.

లిథియం

బరువు తక్కువ, వేల ఛార్జింగ్ సైకిళ్ల ఆయుష్షు అని విని చాలామంది చిన్న డబ్బాలోని ఏజీఎం తీసేసి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెడదామనుకుంటారు. ఈ పనికి మాత్రం నేను వద్దనే అంటాను. వేల సైకిళ్లు రోజూ ఖాళీ చేసి నింపేవాళ్లకు లాభం. బ్రేక్‌అవే బ్యాటరీ జీవితమంతా నిండుగా కూర్చునేదే, దానికి ఆ సైకిళ్లతో పనేముంది?

అసలు తేడా బ్యాటరీ విఫలమయ్యే తీరులో ఉంది. ముసలి ఏజీఎం భారం పడితే వోల్టేజీ జారుతుంది గానీ, ఎంతో కొంత బ్రేకు పడుతుంది. లిథియంలో బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్ ఉంటుంది. దాని పరిమితి 10 ఆంప్సే అయి మ్యాగ్నెట్లు 12 అడిగితే అది బ్యాటరీని కాపాడుకోవడానికి మొత్తంగా కట్ చేసేస్తుంది, అప్పుడు అసలు బ్రేకే ఉండదు. పైగా 0 డిగ్రీల కింద లిథియంను ఛార్జ్ చేయకూడదు, పాత ఏజీఎం ఛార్జర్‌కు ఆ సంగతి తెలియదు. వోల్ట్ మీటర్‌తో ఛార్జ్ అంచనా వేయడం కూడా కష్టమే, చాలా మేరకు 13.2 దగ్గరే ఆగి కనిపిస్తుంది. నివాస ట్రైలర్లో పెద్ద లిథియం ఇప్పటికే ఉంటే, దాని బీఎంఎస్ పరిమితి మ్యాగ్నెట్లు లాగే దానికి బాగా పైన ఉందని కాగితాల్లో చూసుకుని వాడుకోవచ్చు. చలి ప్రాంతాల్లో తిరిగేవాళ్లు బ్రేక్‌అవే వరకు విడిగా ఒక ఏజీఎం పెట్టుకోవడమే మంచిది.

పచ్చ లైటును నమ్మాలా, లోడ్ టెస్ట్ చేయాలా?

ఇక్కడ నాకు రెండో ఆలోచన లేదు. చాలా కిట్లలో బటన్ నొక్కితే వెలిగే లైటు భారం లేనప్పటి వోల్టేజీని మాత్రమే చూపిస్తుంది. సామర్థ్యం సగానికి పడిపోయిన బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించి పచ్చ లైటు వెలిగించగలదు.

నిజం తెలిసేది పిన్ లాగినప్పుడే. చక్రాలకు అడ్డాలు పెట్టి, బండి ప్లగ్ తప్పకుండా తీసేయండి, లేకపోతే బండిలోని బ్రేక్ కంట్రోలర్‌కు దెబ్బ తగలవచ్చు. మల్టీమీటర్ బ్యాటరీ మీద పెట్టి పిన్ లాగండి. నిండుగా ఛార్జ్ అయిన ఏజీఎం 12.8 దగ్గర మొదలై, భారం పడగానే కొంత జారి, అక్కడ నిలబడాలి. నిమిషం లోపే 10.5 కిందికి వస్తే దాని పని అయిపోయింది. నిలబడితే అడ్డాలు తీసి, పిన్ బయటే ఉంచి, బండితో నడక వేగంలో ట్రైలర్‌ను కాస్త లాగండి. చక్రాలు పట్టినట్టు స్పష్టంగా తెలియాలి. బ్యాటరీ దగ్గర వోల్టేజీ బాగుండి చక్రాలు పట్టకపోతే తప్పు వైర్లలోనో, తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్‌లోనో వెతకాలి. పని కాగానే పిన్ తిరిగి పెట్టేయండి, మరిచిపోతే చిన్న బ్యాటరీ గంటలోపే ఖాళీ.

మార్చే సమయం విషయంలో, పాడయ్యాక చూద్దామనే పద్ధతి ఈ ఒక్క బ్యాటరీకి పనికిరాదు. సీల్డ్ ఏజీఎంకు మామూలుగా 3 నుంచి 5 ఏళ్ల ఆయుష్షు. అమర్చిన తేదీ మార్కర్‌తో డబ్బా మీద రాసి, టెస్టులో నెగ్గినా నాలుగేళ్లకు మార్చేయమని చెబుతాను. ఖర్చు తక్కువ, టెన్షన్ పోతుంది.

ఛార్జింగ్‌కు తరచూ దూరాలు తిరిగే ట్రైలర్‌కు బండి లైను చాలు. నెలల తరబడి నిలబడే దానికి కరెంటు దగ్గరుంటే ఏజీఎంకు సరిపడే మెయింటైనర్ (ఛార్జ్ తగ్గకుండా చూసే చిన్న ఛార్జర్), లేకపోతే రెగ్యులేటర్ ఉన్న 5 వాట్ల సోలార్ ప్యానెల్ మేలు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని కిట్‌లోని చిన్న ఛార్జర్ ఒక చిన్న ప్రయాణంలో నింపేస్తుందని మాత్రం ఆశించకండి.

కొత్తది కొనేటప్పుడు కొలత చూసుకోండి. 5 ఆంపియర్-అవర్లది సుమారు 90 మిల్లీమీటర్ల పొడవు, 70 వెడల్పు. 7, 9 ఆంపియర్-అవర్లవి 151 పొడవు, 65 వెడల్పు ఉంటాయి, పాత డబ్బాలో పట్టవు. యూపీఎస్‌లలో, అలారంలలో వాడేవీ ఇవే సైజులు కాబట్టి దొరకడం కష్టం కాదు. టెర్మినల్ బ్లేడులు 4.75, 6.35 మిల్లీమీటర్లని రెండు రకాలు, పాతదాన్ని కొలిచి అదే తీసుకోండి. షాపు అరలో నెలల తరబడి పడి ఉన్నది సగం దిగిపోయి ఉండవచ్చు, కొనే ముందే మీటర్ పెట్టి చూడండి, 12.5 కంటే తక్కువుంటే వేరేది అడగండి. అమర్చే ముందు నిండుగా ఛార్జ్ చేసి, ఎరుపు, నలుపు వైర్లు సరిచూసి బిగించి, వెంటనే ఒకసారి పిన్ లాగి పరీక్షించండి.