పీహెచ్‌పీతో ఏడేళ్ళు: పెళ్ళి కార్డుల షాపులో కూర్చుని నేర్చుకున్నాక రాస్తున్న రివ్యూ

నేను గుంటూర్లో ఒక ప్రింటింగ్ షాపులో డీటీపీ చేస్తా. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, బిల్లు బుక్కులు, ఇదే మా పని. చదివింది బీకామ్. 2018లో మూఢం వచ్చి ముహూర్తాలు లేక షాపు ఖాళీగా ఉన్న రోజుల్లో, వెబ్‌సైట్లు చెయ్యడానికి వాడే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టా, ఏడేళ్ళు దాటింది, ఇప్పటికీ రోజూ వాడుతున్నా. మొన్న మా అక్క కూతురు "పిన్నీ, వెబ్‌సైట్లు చెయ్యడం నేర్చుకోవాలంటే దేనితో మొదలుపెట్టమంటావ్" అని అడిగింది, దానికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందే చెప్పేస్తా, కొత్తవాళ్ళకి పీహెచ్‌పీ మంచిదే. కానీ ఏ వెర్షన్ నేర్చుకుంటున్నారు, ఎక్కడ నేర్చుకుంటున్నారు అనేదాన్ని బట్టి నెలలో అయ్యే పని ఏడాది పట్టొచ్చు, నాకు పట్టింది.

నాకు అవసరం ఎలా వచ్చిందంటే, మా షాపులో ఆర్డర్లన్నీ నోటుబుక్కులో ఉండేవి. సీజన్లో రోజుకి ఇరవై మంది ఫోన్ చేసి "అమ్మా మా కార్డులు అయినయ్యా" అని అడిగితే పేజీలు తిప్పుకుంటూ కూర్చోవాలి. పేరు, ముహూర్తం తేదీ, ఎన్ని కార్డులు, అడ్వాన్సు ఎంత, ప్రూఫ్ చూశారా లేదా, ఇంతే కావాల్సింది. ఇది నేనే చేసుకోలేనా అనిపించింది.

శని ఆదివారాల బ్యాచ్ అని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డబ్బు కట్టి చేరా. పేరు చెప్పను. వాళ్ళు నోట్స్ చెప్తారు, మనం రాసుకోవాలి, ప్రోగ్రామింగ్ పుస్తకంలో రాసుకుంటే ఎలా వస్తుందండీ? పైగా ఆ నోట్స్ పాత వెర్షన్‌వి. నేను ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో జాంప్ వేసుకున్నా, పీహెచ్‌పీ, డేటాబేస్, సర్వర్ అన్నీ కలిపి ఒకేసారి ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్ అది, అందులో వచ్చింది పీహెచ్‌పీ 7.2. నోట్స్‌లో ఉన్నది ఉన్నట్టు టైపు చేస్తే వివరాలన్నీ దాచిపెట్టే డేటాబేస్‌కి కనెక్ట్ చేసే ఆ లైను దగ్గరే "అన్‌డిఫైన్డ్ ఫంక్షన్" అని ఎర్రర్. స్పెల్లింగ్ చూసుకున్నా, సెమికోలన్ చూసుకున్నా, జాంప్ తీసేసి మళ్ళీ వేశా, మూడు రోజులు అదే పని, ఇక ఈ చదువు నా వల్ల కాదేమో అని ఏడుపొచ్చింది. తీరా చూస్తే తప్పు నాది కాదు, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో మాట్లాడే ఆ పాత ఫంక్షన్లన్నీ పీహెచ్‌పీ 7లో తీసేశారు, అది వచ్చింది 2015 డిసెంబర్లో. అంటే రెండేళ్ళకి పైగా ముందే తీసేసిన దాన్ని మాకు ఫీజు తీసుకుని చెప్తున్నారు. ఇది తల్చుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది, ఎందుకంటే నాతో చేరినవాళ్ళల్లో సగం మంది అలాంటి ఎర్రర్ల దగ్గరే మానేశారు, వాళ్ళకి తెలివి లేక కాదు.

అందుకని వీడియో చూసినా, ఎవరి దగ్గర చేరినా ముందు అడగాల్సింది ఒకటే, ఇది పీహెచ్‌పీ 8లో చెప్తున్నారా అని. 8 వచ్చింది 2020 నవంబర్లో. 7లో చివరిదైన 7.4కి కూడా 2022 నవంబర్‌తో సపోర్ట్ అయిపోయింది.

సరే, బాగున్నవేంటో చెప్తా. మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ (వెబ్ పేజీ రాసే భాష అది) మధ్యలో నాలుగు లైన్ల పీహెచ్‌పీ రాసి, సేవ్ చేసి, బ్రౌజర్లో రిఫ్రెష్ కొడితే చాలు, ఫలితం కనిపిస్తుంది. కొత్తవాళ్ళకి ఈ వెంటనే కనపడ్డం చాలా పెద్ద విషయం. మొదటి వారంలోనే ఫారంలో పేరు టైపు చేస్తే పక్క పేజీలో ఆ పేరు వచ్చింది, అది చూసి మా ఓనరు గారిని పిలిచి చూపించా. ఇప్పుడైతే జాంప్ కూడా అక్కర్లేదు, పీహెచ్‌పీలోనే చిన్న సర్వర్ ఉంటుంది, ఒక్క కమాండ్‌తో ఆన్ అవుతుంది, నేర్చుకోడానికి అది సరిపోతుంది.

ఇంకోటి దాని మాన్యువల్. ఇంగ్లీషులోనే చదివా, మొదట్లో ఒక్కో పేజీకి గంట పట్టేది, కానీ ప్రతి ఫంక్షన్‌కీ ఉదాహరణ ఉంటుంది, అది టైపు చేసి చూసుకోవచ్చు. పేజీ కింద జనం రాసిన నోట్లు మాత్రం తేదీ చూసి చదవండి, పదిహేనేళ్ళ కిందటివి కూడా ఉంటాయి.

తెలుగుతో పనిచేసేవాళ్ళకి ఒక విషయం, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. పీహెచ్‌పీలో అక్షరాలు లెక్కపెట్టే స్ట్ర్‌లెన్ అనే ఫంక్షన్ ఉంది, దానికి "తెలుగు" అనే మాట ఇస్తే 18 అని చెప్తుంది. అది లెక్కపెట్టేది బైట్లు, తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, గుణింతం గుర్తు కూడా విడిగా లెక్కే. ముందు ఎంబీ తగిలించిన స్ట్ర్‌లెన్ వాడితే 6 అంటుంది. మనం కంటితో చూసి మూడు అక్షరాలు అంటాం కదా, ఆ 3 రావాలంటే గ్రాఫీమ్ స్ట్ర్‌లెన్ అని వేరే ఉంది. నా లిస్టులో పొడుగు పేర్లని 20 దగ్గర కత్తిరిద్దామని మామూలు ఫంక్షన్ వాడితే ప్రతి పేరు చివరా నల్ల డైమండ్‌లో క్వశ్చన్ మార్కు వచ్చింది, ఎందుకంటే 20 మూడుతో పోదు, అక్షరం మధ్యలో తెగిపోతోంది. ఎంబీ దానితో కోస్తే ఆ గుర్తు పోయింది గానీ "లక్ష్మి"ని మూడు దగ్గర కోస్తే "లక్" అని ఆగింది. పెళ్ళి కార్డుల షాపులో పేరు ముక్కలైతే ఊరుకుంటారా, చివరికి కోయడం మానేసి గడి వెడల్పు పెంచుకున్నా.

నాకు బాగా గుర్తున్న ఇంకో దెబ్బ ఫ్లెక్సీ సైజుల దగ్గర. మా వాళ్ళు ఆరడుగులు అని రాయాలంటే 6 పక్కన పైన చిన్న గీత పెడతారు కదా, 6'x4' అని. ఆ సైజు ఫారంలో కొట్టి సేవ్ చేస్తే మొత్తం ఎర్రర్. పేర్లకి రానిది సైజులకి ఎందుకొస్తోందో రెండు రోజులు అర్థం కాలేదు. ఆ గీత డేటాబేస్‌కి కొటేషన్ మార్కులా కనిపించి అక్కడితో మాట అయిపోయిందనుకుంటోంది. దాని గురించి వెతికితే అసలు భయం అప్పుడు మొదలైంది, అదే సందులోంచి బయటివాళ్ళు మన డేటా మొత్తం చెరిపెయ్యొచ్చట. పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌తో మాట్లాడ్డానికి పీడీఓ అని ఒకటుంది, అందులో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడితే ఈ గొడవే ఉండదు, విలువని విడిగా పంపిస్తాం. దీన్ని మొదటిరోజే నేర్పాలి, చివర్లో సెక్యూరిటీ చాప్టర్ అని పెట్టి వదిలెయ్యకూడదు.

ఇక బాగోలేనివి. మాటలో మాట వెతికే స్ట్ర్‌పాస్ అని ఒకటుంది, దొరికితే ఎక్కడ దొరికిందో చెప్తుంది, మొదట్లోనే దొరికితే 0 అంటుంది, దొరక్కపోతే ఫాల్స్ అంటుంది, మనం ఇఫ్‌లో పెడితే పీహెచ్‌పీకి ఆ రెండూ ఒకటే. నేను "వెంకట" అని వెతికితే "శ్రీ వెంకట" అనేవాళ్ళు వచ్చారు, వెంకటతోనే మొదలయ్యేవాళ్ళు ఒక్కరూ రాలేదు, గుంటూర్లో అలాంటి పేరు లేకుండా ఉంటుందా! మూడు ఈక్వల్ గుర్తులు పెట్టి పోలిస్తే 0 వేరు, ఫాల్స్ వేరు అని అప్పుడే తెలిసింది. 8లో స్ట్ర్ కంటెయిన్స్ అని వచ్చింది, ఉందో లేదో అంతే చెప్తుంది, కొత్తవాళ్ళు అదే వాడండి. ఫంక్షన్లకి ఇచ్చే విలువల వరస కూడా ఒకలా ఉండదు, స్ట్ర్‌పాస్‌లో ఎందులో వెతకాలో ముందు ఇవ్వాలి, లిస్టులో వెతికే ఇన్ అర్రేలో ఏం వెతకాలో ముందు ఇవ్వాలి. ఏడేళ్ళ తర్వాత కూడా మాన్యువల్ తెరిచి చూసుకుంటా.

ఇలా ఎందుకుందో దాని పుట్టుక చూస్తే తెలుస్తుంది. 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ తన రెజ్యూమే పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రాములవి, పేరే పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్. ఎవరికి ఏది కావాలంటే అది చేరుస్తూ పెరిగింది. వికీపీడియా నడిచే మీడియావికీ, వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ రెండూ దీంట్లో రాసినవే. సొంత అవసరానికి ఒకాయన రాసుకున్నది అని చదివినప్పుడు నాకెందుకో చాలా ధైర్యమొచ్చింది, నేనూ ఆర్డర్ల పుస్తకం కోసమేగా మొదలుపెట్టింది.

ఉద్యోగం కోసమే అయితే ఒకసారి ఆలోచించుకోండి. హైదరాబాద్ కంపెనీల ప్రకటనల్లో నాకు ఎక్కువ కనిపించేవి జావా, జావాస్క్రిప్టే. మన ఊళ్ళో షాపులకి, స్కూళ్ళకి, కల్యాణమండపాలకి చేసిపెట్టాలంటే మాత్రం పీహెచ్‌పీ హాయి, తక్కువ ఖరీదు హోస్టింగులో (సైటుని నెట్‌లో ఉంచే అద్దె సర్వర్లో) కూడా నడుస్తుంది. సగం పని ముందే చేసిపెట్టి ఇచ్చే లారావెల్ లాంటి ఫ్రేమ్‌వర్కు జోలికి మొదటి ఆరు నెలలు వెళ్ళొద్దు, అడుగున ఏం జరుగుతోందో తెలీకుండా పోతుంది.

మా అక్క కూతురికి ఇచ్చిన వరస ఇది. రెండు వారాలు ఉత్త హెచ్‌టీఎంఎల్, అందులో ఫారాలు బాగా. తర్వాత వేరియబుల్ (విలువ పెట్టుకునే పేరు), ఇఫ్ (షరతు), ఫర్‌ఈచ్ (లిస్టులో ఒక్కోదానికీ అదే పని చెయ్యడం), ఇవి రోజుకి గంట. ఏఐని అడుగు, తప్పులేదు, కానీ ఎర్రర్ వస్తే అందులో లైను నంబరు నువ్వే చదివి ఆ లైను నువ్వే చూడు, పావుగంట చూశాకే అడుగు అన్నా. చెయ్యాల్సింది కూడా దాని పనే, హాస్టల్ గదిలో నలుగురి ఖర్చులు పంచే పేజీ.

పోయిన వారం రాత్రి పదింటికి ఫోన్, "పిన్నీ, కరెంటు 500, నీళ్ళకి 300 కొడితే టోటల్ 500300 అంటోంది!" నేను చెప్పలేదు, లైను చూడమన్నా. అరగంటకి మళ్ళీ చేసింది, ప్లస్ పెట్టాల్సిన చోట చుక్క పెట్టిందట, పీహెచ్‌పీలో చుక్క పెడితే కూడిక చెయ్యదు, పక్కపక్కన అతికిస్తుంది. ఆ గొంతులో సంతోషం వినాలి మీరు. వచ్చే ఆదివారం పీడీఓ మొదలుపెడుతున్నాం, ఆరడుగుల ఫ్లెక్సీ కథతోనే.