ఇన్వెంటరీ (సరుకు నిల్వ) తగ్గిందని చెప్పి షేర్లు కొనిపించారు, వైజాగ్ వాళ్ళు జాగ్రత్త

నిన్న సాయంత్రం నుంచి మనసు మనసులో లేదు. ఇంకొకరి డబ్బు పోకూడదని రాస్తున్నాను. మన ఊళ్ళో షేర్లు కొనే చాలామంది, ఏ షేరు కొనాలో ఫీజు తీసుకుని చెప్పే ఆ ఛానెల్‌లో ఉన్నారు, ఏదో మీకు తెలుసు, పేరు రాయను. మూడు నెలలకు 9 వేలు ఫీజు కట్టాను. రౌటర్లకు బోర్డులు చేసిచ్చే కంపెనీ షేరు కొనమన్నారు, కొన్నాను. 3 లక్షల 40 వేలు పెడితే, సోమవారం ఫలితాలు వచ్చాక రెండు రోజుల్లో 1 లక్షా 12 వేలు పోయింది. గాజువాక ఇంటి మీద ఒక గది వేద్దామని దాచిన డబ్బు.

షేరు పడినందుకు కాదు నా కోపం. ఆగస్టు 19న వాళ్ళు పెట్టిన మెసేజ్ గురించి. "ఇన్వెంటరీ 92 రోజుల నుంచి 48 రోజులకు దిగింది, డీలర్ల దగ్గర సరుకు లేదు, ఆర్డర్లు పొంగుతాయి" అని రాశారు. అంటే కంపెనీ దగ్గరున్న సరుకు ఎన్ని రోజుల అమ్మకాలకు సరిపోతుందన్న లెక్క అది. ఆ 48 చూసే కొన్నాను. ఇప్పుడు బ్యాలెన్స్ షీట్ వస్తే ఇన్వెంటరీ మార్చి కన్నా ఎక్కువుంది. ఛానెల్‌లో వెనక్కి వెళ్తే 18వ తేదీ మెసేజ్ కింద 20వ తేదీది ఉంది. 19వ తేదీది లేదు. మూడుసార్లు పైకీ కిందికీ జరిపి చూశాను.

బీచ్ రోడ్డులో బండి పక్కకి ఆపి ఛానెల్ నడిపే ఆయనకి ఫోన్ చేశాను. "సార్, ఆ 48 రోజుల లెక్క ఎక్కడిది?" అని అడిగానంతే.

"డిస్‌క్లెయిమర్ చదవలేదా? నిర్ణయం మీది."

"చదివానండి. లెక్క ఎక్కడిదో చెప్పండి."

"ఇంత చిన్న అమౌంట్‌కి ఇన్ని ప్రశ్నలా?" అని పెట్టేశాడు. పది నిమిషాల్లో నన్ను ఛానెల్‌లోంచి తీసేశారు. చేతులు వణికాయి నాకు.

రాత్రి కూర్చుని చూస్తే తెలిసింది. మన దగ్గర లిస్టయిన కంపెనీలు బ్యాలెన్స్ షీట్ ఇవ్వాల్సింది ఆరునెలలకోసారే, సెప్టెంబరుకి, మార్చికి. జూన్ ఫలితాల్లో తయారైన సరుకు నిల్వల్లో మార్పు అని ఒక లైను ఉంటుంది, ముడిసరుకు అందులోకి రాదు. కంపెనీ వాళ్ళు కాన్‌కాల్‌లో (ఫలితాల గురించి ఇన్వెస్టర్లతో పెట్టే ఫోన్ మీటింగులో) చెప్పారేమోనని ట్రాన్‌స్క్రిప్ట్ మొత్తం చదివాను. ఆ మాటే లేదు. మరి ఆగస్టులో 48 ఎలా వచ్చింది?

నా తప్పూ ఉంది. మా బావమరిదికి ద్వారకానగర్‌లో కంప్యూటర్ స్పేర్స్ షాపు. దసరాకి ముందే మెట్ల కింద సీలు విప్పని రౌటర్ పెట్టెలు చూపించి, "బావా, వద్దన్నా డిస్ట్రిబ్యూటర్ సరుకు దింపేస్తున్నాడు, డబ్బులు తర్వాత ఇమ్మంటున్నాడు" అన్నాడు. కళ్ళెదురుగా ఉన్న పెట్టెల్ని వదిలేసి మెసేజ్‌ని నమ్మాను. ఆ రోజే షేర్లు అమ్మేయాల్సింది. డిమాండ్ ఇలాగే ఉంటుందనుకుని కొని పెట్టుకున్న సరుకుకి 2001లో రౌటర్లు చేసే సిస్కో అంతటి కంపెనీయే దాదాపు 225 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది. సరుకు పేరుకుపోవడం అంటే అంత పెద్ద విషయం.

ఎవరైనా ఇన్వెంటరీ రోజులు చెబితే ఏ తేదీ బ్యాలెన్స్ షీట్‌లోదో అడగండి. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ సైట్‌లో, సలహా ఇచ్చేవాళ్ళ రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోండి. నేను సెబీ ఫిర్యాదుల సైట్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెడుతున్నాను. ఆగస్టు 19 మెసేజ్ స్క్రీన్‌షాట్ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంపండి, నా దగ్గర లేదు.