దిగుమతి సరుకు ధరల పోకడకు ఏ లెక్క మేలు: యూనిట్ విలువా, ధరల సూచీయా, ప్రపంచ మార్కెట్ ధరా?

వ్యవసాయ దిగుమతుల గురించి రాసినప్పుడల్లా చదివినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: పదేళ్లలో ఒక దేశం బయటినుంచి తెచ్చుకునే సరుకు నిజంగా ప్రియమైందా లేదా తేల్చాలంటే ఏ అంకె చూడాలి? అందుబాటులో ఉన్న దారులు ముఖ్యంగా మూడు. నా మొగ్గు ధరల సూచీ వైపు. అయితే అది కట్టాల్సింది యూనిట్ విలువలతోనే కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

మొత్తం దిగుమతి విలువను మొత్తం టన్నులతో భాగిస్తే వచ్చేదే యూనిట్ విలువ. దీని బలం తక్కువది కాదు. ఓడరేవు దాటిన ప్రతి సరుకూ ఇందులో ఉంటుంది. మార్కెట్లో పలికిన ధర కాకుండా, కస్టమ్స్‌కు చూపిన విలువ కనిపిస్తుంది. ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) గణాంకాల్లో చాలా దేశాలకు 1961 నుంచీ వరస దొరుకుతుంది. అంత పొడవైన వరస మరో లెక్కలో దొరకడం కష్టం.

కానీ అది ధర కాదు, సగటు. తేడా ఎంత పెద్దదో చిన్న లెక్క వేసి చూడండి. ఒక దేశం మొదటి ఏడాది 80 టన్నుల పామాయిల్ టన్ను 800 డాలర్లకు, 20 టన్నుల పొద్దుతిరుగుడు నూనె 1200 డాలర్లకు కొన్నదనుకుందాం. సగటు 880. రెండో ఏడాది రెండు ధరలూ 5 శాతం తగ్గి 760, 1140 అయ్యాయి. కొనుగోలు మాత్రం 40 టన్నుల పామాయిల్, 60 టన్నుల పొద్దుతిరుగుడుకు మారింది. ఇప్పుడు సగటు 988. రెండు నూనెలూ చవకయ్యాయి, యూనిట్ విలువ మాత్రం 12 శాతం పైగా పెరిగింది! ఈ అంకె పట్టుకుని ‘నూనెల ధర మండిపోయింది’ అని రాస్తే అది పచ్చి తప్పు. జనం కొనే సరుకు మారింది, ధర పెరగలేదు. ఆదాయాలు పెరుగుతున్న దేశాల్లో మేలురకం వైపు జరగడం మామూలే కాబట్టి ఈ పొరపాటుకు ఎక్కువ అవకాశం అక్కడే.

నా దృష్టిలో ఏ లెక్క మేలో తేల్చేది ఈ ఒక్క విషయమే. సరుకుల కూర్పు మారినప్పుడు లెక్క నిలబడుతుందా లేదా?

ప్రపంచ దేశాలు సరుకులను గుర్తించడానికి వాడే హెచ్‌ఎస్ కోడ్‌లలో ఇంకా సన్నటి స్థాయికి దిగితే చాలావరకు నిలబడుతుంది. హెచ్‌ఎస్ 0901 అంతా కాఫీయే, కానీ అందులో పచ్చి గింజలూ ఉంటాయి, వేయించినవీ ఉంటాయి. 090111, 090121 విడివిడిగా తీసుకుంటే ఆ కలగలుపు పోతుంది. కోడ్‌లు కూడా మారుతుంటాయని గుర్తుంచుకోవాలి. 2012 సవరణలో మామూలు గోధుమను, డ్యూరమ్ అనే గట్టి గోధుమనూ విత్తనాలుగా, ఇతరంగా విడదీశారు. పాత కోడ్‌తో కొత్తదాన్ని కలపకుండా గీత గీస్తే ఆ ఏడాది దగ్గర ఉత్తుత్తి మెట్టు కనిపిస్తుంది. ఆరంకెల కోడ్‌లోనూ అనుమానం తీరకపోతే ఎగుమతి చేసిన దేశాలవారీగా విడదీయండి. ఒక్కో దేశం నుంచి వచ్చే సరుకు ధర కదలకుండా సగటు ఒక్కటే కదిలితే, కారణం సరఫరాదారు మారడమే.

ఇలా విడదీసిన యూనిట్ విలువలను వెయిటేజీతో కలిపితే సూచీ అవుతుంది. వెయిటేజీగా మొదటి ఏడాది పరిమాణాలు పెడితే లాస్పియర్ సూచీ, చివరి ఏడాదివి పెడితే పాషే, ఆ రెండింటి గుణోత్తర సగటు ఫిషర్. పై నూనెల లెక్కకు ఏది వాడినా సరిగ్గా 5 శాతం తగ్గుదలే వస్తుంది. నేను ఫిషర్‌నే నమ్ముతాను, ఏడాదికేడాది గొలుసు కట్టి, అంటే ప్రతి ఏడాదినీ దాని ముందు ఏడాదితో పోల్చి ఆ మార్పులను వరసగా గుణిస్తూ. నెలనెలా గొలుసు కట్టవద్దు. పండ్లలాంటి సీజను సరుకులు వచ్చి పోతుంటే గొలుసు ఎటో కొట్టుకుపోతుంది.

దిగుమతిదారులను నేరుగా అడిగి, అదే రకం సరుకు ధరను వెంటాడే సర్వే సూచీ సిద్ధాంతపరంగా ఇంకా మేలు. అమెరికా 1989లో యూనిట్ విలువ సూచీలను వదిలి ఆ దారిలోనే నడిచింది. ఖర్చు భరించలేని దేశాలకు అది అందదు.

ఇక ప్రపంచ మార్కెట్ ధరలు. ఎఫ్‌ఏఓ ఆహార ధరల సూచీ 2022 మార్చిలో అప్పటిదాకా ఎన్నడూ లేనంత పైకెక్కింది. దేశం చెల్లించిన ధర కూడా ఆ నెలలోనే శిఖరానికి చేరుతుందని అనుకోవద్దు. ముందు కుదిరిన ఒప్పందాల సరుకు నెలల తర్వాత దిగుతుంది. పైగా ఆ సూచీలో వెయిటేజీ ప్రపంచ ఎగుమతులది, మీ దేశపు బుట్టది కాదు. దిశ సరిచూసుకోవడానికి పక్కన పెట్టుకోండి, అంతే.

దేశాల మధ్య పోలిస్తే ఇంకో జాగ్రత్త. చాలా దేశాలు దిగుమతి విలువలో రవాణా, బీమా కలిపి సీఐఎఫ్ లెక్కన చూపుతాయి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా కలపవు. నౌకా కిరాయిలు ఎగసిన 2021 లాంటి ఏడాదిలో, సరుకు ధర కదలకపోయినా సీఐఎఫ్ యూనిట్ విలువ పెరుగుతుంది. కరెన్సీదీ అంతే: ప్రపంచంలో సరుకు ప్రియమైందా అన్నదానికి డాలర్లలో, కొనేవాళ్ల మీద ఎంత భారం పడిందన్నదానికి సొంత కరెన్సీలో ద్రవ్యోల్బణం తీసేసి చూడాలి.