సముద్రపు అడుగును లెక్కగట్టాలంటే ఏ అల్గారిథమ్ మేలు?

లోతు తక్కువ సముద్రంలో శబ్దం అడుగు నేలనూ నీటి ఉపరితలాన్నీ తాకుతూ ముందుకు పోతుంది. కాబట్టి హైడ్రోఫోన్ల (నీటిలో పనిచేసే మైకుల) వరుసలో పట్టిన శబ్దాన్ని బట్టి అడుగున ఇసుక ఉందో బురద ఉందో, నీటి లోతెంతో, శబ్దం ఎంత దూరం నుంచి వచ్చిందో వెనక్కి లెక్కగట్టవచ్చు. ఒక ఊహ పెట్టుకోవడం, మోడల్‌తో శబ్దం లెక్కించడం, రికార్డింగుతో పోల్చడం, ఇంతే పని. చిక్కంతా ఊహల సంఖ్యలోనే. 8 పారామీటర్లు (లోతు, దూరం లాంటి తెలియని అంశాలు), ఒక్కోదానికి 20 విలువలు అనుకున్నా 2,560 కోట్ల కలయికలు. ఒక్కోదానికి సెకను పట్టినా 800 ఏళ్లు దాటుతుంది. పోనీ, రికార్డింగుతో వచ్చే తేడాను ఎత్తుపల్లాల నేలగా ఊహించుకుని (తేడా తగ్గేకొద్దీ పల్లం), వాలు చూసి దిగే పద్ధతి వాడదామా అంటే, ఎదురైన మొదటి గుంటలోనే కూలబడుతుంది.

1990ల మొదట్లో కాలిన్స్, కూపర్‌మన్ లాంటి పరిశోధకులు దీనికి సిమ్యులేటెడ్ అనీలింగ్ వాడారు. మొదట్లో చెడ్డ ఊహనూ అప్పుడప్పుడు ఒప్పుకుంటుంది, పోనుపోను కఠినమవుతుంది. కోడ్ చిన్నది. కానీ పారామీటర్లను ఒక్కొక్కటిగా కదిపితే మాత్రం ఇరుక్కుపోతుంది.

ఎందుకంటే లోతూ దూరమూ జంటగా నడుస్తాయి. అసలు లోతు 100 మీటర్లయితే మనం 102 అనుకున్నామనుకోండి. 5 కిలోమీటర్ల దూరాన ఉన్న శబ్దం 5.2 దగ్గర ఉన్నట్టు తేలుతుంది, రికార్డింగుతో దాదాపు అంతే బాగా సరిపోతుంది కూడా! అంటే మంచి జవాబులు ఐమూలగా సాగే సన్నటి లోయలో ఉంటాయి. లోతొక్కటే మారిస్తే గోడకు గుద్దుకోవడమే.

జెనెటిక్ అల్గారిథమ్ ఊహల గుంపుతో వెతుకుతుంది. లోయ త్వరగానే దొరుకుతుంది, చివరి మెరుగే ఆలస్యం. పరిశోధకుడు గెర్‌స్టాఫ్ట్ 1995లో దానికి, వాలును బట్టి దగ్గరి పల్లంలోకి త్వరగా దిగే గాస్-న్యూటన్ పద్ధతిని జోడించింది అందుకే.

నా ఓటు డిఫరెన్షియల్ ఎవల్యూషన్‌కు. రెండు ఊహల తేడాను మూడోదానికి కలుపుతుంది. గుంపు లోయలోకి చేరాక ఆ తేడాలు కూడా లోయ వెంబడే ఉంటాయి, దారి ఎవరూ చెప్పక్కర్లేదు. క్రాసోవర్ విలువ (ఒక్కో పారామీటరు మారే అవకాశం) మాత్రం 0.9 దగ్గర ఉంచండి. బాగా తగ్గిస్తే మళ్లీ ఒక్కో పారామీటరే కదులుతుంది, పాత గోలే.

అయితే ఇది ఇచ్చేది ఒకే జవాబు. ఇసుకలో శబ్దవేగం సెకనుకు 1,650 మీటర్లు అంటుంది, పదో వందో తేడా ఉండొచ్చని చెప్పదు. అది కావాలంటే పరిశోధకుడు డాసో చేసినట్టు బేసియన్ శాంప్లింగ్‌కు (ఏ జవాబుకు ఎంత సంభావ్యతో చూపే పద్ధతికి) పోవాల్సిందే. ఎక్కువసార్లు మోడల్ నడపాలి కాబట్టి, డిఫరెన్షియల్ ఎవల్యూషన్ ఆగిన చోటి నుంచి దాన్ని మొదలుపెడితే కొంత సమయం కలిసొస్తుంది.