బోటు డీజిల్ లైనుకి ఏది మేలు: కరెంటు పంపా, ఎత్తు ట్యాంకా, జంట ఫిల్టరా?

నిషేధం వల్ల ఏప్రిల్ 15న చేపల వేట ఆగితే మళ్లీ జూన్ 14 దాటాకే. ఈ 61 రోజుల్లోనే ఇంజన్ పనులన్నీ తేల్చుకోవాలి. మా నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె రేవులో ఈసారి నా టెన్షన్ అంతా డీజిల్ లైను గురించే.

పోయినేడు మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటుతుండగా ఇంజన్ నాలుగుసార్లు గుటకలేసి ఆగిపోయింది. అలలు బోటుని ఇసుక మేట వైపు తోస్తున్నాయి. బోటు నడిపే సరంగు లంగరేశాడు. నేను సెల్‌ఫోను నోట కరుచుకుని, ఆ లైటు వెలుగులో ఫిల్టరు విప్పితే అడుగున నీళ్లు, వాటిమీద జిగట మడ్డి. సగం ఖాళీ ట్యాంకులో చెమ్మ పట్టి నీళ్లు చేరతాయి, డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు దిగుతాయి. బోటు ఊగితే అంతా కలిసి లైన్లోకొస్తుంది. "ఏందన్నా, ఇంకెంతసేపు?" అని పైనుంచి సరంగు ఒకటే అరుపు. కొత్త ఫిల్టరేసి, లైన్లో చేరిన గాలిని చేతిపంపు నొక్కి నొక్కి తీసేసరికి నా బొటనవేలు బొబ్బలెక్కింది.

ఆ బొబ్బ చూసినవాళ్లంతా కరెంటు పంపు పెట్టమన్నారు. స్విచ్ వేస్తే గాలి దానంతటదే పోతుంది, నిజమే. కానీ మాది పాత మెకానికల్ ఇంజన్. ఒకసారి స్టార్టయితే బ్యాటరీతో పనిలేదు. ఉప్పుగాలికి చిలుము పట్టే వైర్ల మీద ఇంజన్‌ని ఆధారపడేలా చేయడం నాకు నచ్చలేదు. గాలి తీయడానికి మాత్రమే పక్కలైన్లో పెట్టుకుంటే సరే.

ఇంజన్ కన్నా పైన పెట్టే ఎత్తు ట్యాంకు చవక. డీజిల్ బరువుకే కిందికి దిగుతుంది. ఇంకో మేలుంది: జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారి కంటికి కనిపిస్తుంది. పంపు లాక్కునే లైన్లో అలా కాదు, చుక్క కారదు, గాలి లోపలికి పోతుంది. ఎక్కడ తేడా వచ్చిందో వెతకడానికే ఒక పూట పడుతుంది. అయితే వేడి ఇంజన్ పైన డీజిల్ వేలాడదీసి, పైపు తెగితే? వాల్వు కట్టేసే మనిషి అక్కడుండాలిగా. మాకు చోటూ లేదు.

నా ఓటు జంట ఫిల్టరుకే. నీళ్లు వేరు చేసే గాజు గిన్నె ఫిల్టర్లు రెండు, మధ్యలో తిప్పే వాల్వు. ఒకటి మూసుకుపోతే ఇంజన్ ఆపకుండానే రెండోదానికి మార్చుకోవచ్చు. సరదాకి తిరిగే యాచ్‌లలో ఇది మామూలే, పైగా ఒక వ్యాక్యూమ్ మీటరు కూడా పెడతారు. ఫిల్టరు పూడేకొద్దీ ముల్లు ఎక్కుతుంది, ముందే తెలిసిపోతుంది. మేమూ పెట్టిస్తున్నాం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మంచిదని మొదటి ఫిల్టరే 2 మైక్రాన్లది (మరీ సన్న రంధ్రాలది) వేస్తారు. అది వెంటనే పూడిపోతుంది. ముందు 30 వేసి, సన్నది ఇంజన్ దగ్గర పెట్టుకోవాలి.

వీటన్నిటికన్నా ముందు ట్యాంకు కడగాలి. మా ట్యాంకుకి చెయ్యి దూరే మూత కూడా లేదు. రేపు వెల్డర్ వస్తాడు, ఈలోపు డీజిల్ మొత్తం తోడి, ఆవిరి లేకుండా ట్యాంకు నిండా నీళ్లు పట్టాలి.